పిచ్చుకకు మరో ఇల్లు

ఆ ఏటి వానాకాలం మా ఇంట్లోకి టైలరక్క గొడుగుతో పాటు వచ్చింది.

మా స్టూడియోకూ ఆవిడ కొట్టుకూ మధ్య ఒకటే గోడ. గోడకు ఇటు మేం ముఖాలు తీస్తాం, అటు ఆవిడ కొలతలు తీస్తుంది. ఊళ్ళో ఎవరు చిక్కారో ఎవరు ఒళ్ళు చేశారో మా రెండు కొట్లకు తెలిసినంతగా వైద్యుడికైనా తెలియదు. తడిసిన గొడుగును గుమ్మంలో విదిలించి, మెడలోని టేపు సర్దుకుంటూ, ఆవిడ తన ఫోను తెచ్చి నా ముందున్న బల్ల మీద పెట్టింది.

“ఏమయ్యా కవీ, మీ పిచ్చుకకి పేరు మార్చారా? పక్కనే ఉన్నాను, ఒక్క మాటైనా చెప్పలేదే!”

పిచ్చుక మా అన్న కూతురు. నాలుగేళ్ళు నిండి ఐదో ఏడు నడుస్తోంది. ఫోనులో ఉన్నది అదే. పసుపు గౌను, నుదుటి మీద పడే ఉంగరాల జుట్టు, నవ్వాలా వద్దా అని తేల్చుకోని పెదవులు. కింద ఇలా రాసి ఉంది: ‘మా మిణుగురు. నా ఇంటికున్న ఒకే వెలుగు.’

“ఇది మా పేజీ కాదక్కా,” అన్నాను.

“అదే నేనూ అనుకున్నా. మీ వదిన ఇంత తియ్యగా రాయదు కదా అని.”

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు పూర్తికాకముందే నా వేలు తెర మీద కిందికి జారింది. జారుతూ పోయింది. కింద మరో పిచ్చుక, దాని కింద మరింత చిన్న పిచ్చుక, ఆ కింద పాకే పిచ్చుక, అన్నిటికంటే అడుగున గుప్పిళ్ళు బిగించి కళ్ళు మూసుకున్న నెలల పిచ్చుక. ఒక బాల్యమంతా, ఒక్క నెల కూడా తప్పకుండా, ఎవరి ఇంట్లోనో పెరిగింది.

ఆ వరస మేం అమర్చిపెట్టిందే. ప్రతి నెలా ఒకటో తేదీన కొట్టు తెరవగానే మా అన్న తీసే మొదటి ఫోటో పిచ్చుకది. దానితోనే మాకు బోణీ. అదే కిటికీ పక్కన, అదే ఎర్ర స్టూలు మీద, అదే వెలుతురులో. ఆ ఫోటోను స్టూడియో పేజీలో పెట్టడం, కింద నాచేత రెండు పంక్తులు రాయించడం మా ఇంటి రివాజు. ఊరివాళ్ళు నెల మారిందని మా పిచ్చుకను చూసి తెలుసుకునేవారు. అన్నకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. “జనం నలిగిన గుడ్డల్లాంటి ఫోటోలు పెడతారురా. మనది స్టూడియో. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకునేలా ఉండాలి,” అని అసలు ఫోటోను పూర్తి పరిమాణంలో, ఏ తలుపూ గడియా లేకుండా, లోకానికంతటికీ తెరిచి పెట్టేవాడు. అది మా కొట్టు బోర్డు. బోర్డుకు తాళం ఎవరు వేస్తారు?

వదిన వచ్చి చూసింది. చేతికి ఇంకా పిండి ఉంది. తడిచేతి వెనక భాగంతో తెరను చివరిదాకా జరుపుతూ పోయింది. నెలల పిల్ల ఫోటోల్లో వీపును పట్టుకొని కూర్చోబెట్టిన చేయి ఒకటి కనిపిస్తుంది. అది వదినది. ఆ పేజీలో చాలా ఫోటోల్లో ఆ చేతిని కత్తిరించేశారు. ఒక్క దానిలో మాత్రం కత్తిరిస్తే పిల్ల భుజం కూడా పోతుంది కనుక వదిలేశారు. వదిలి, కింద రాశారు: ‘నా చేయి పట్టుకునే కూర్చునేది.’

“నా చెయ్యి,” అంది వదిన. అని, తన చేతిని పైకెత్తి, అది అక్కడే ఉందో లేదో చూసుకున్నట్టు చూసుకుంది.

నా పంక్తులు కూడా అక్కడే ఉన్నాయి. మా పేజీలో వాటికి వచ్చే లైకులు చుట్టాలవి. అక్కడ మాత్రం ముక్కూ ముఖం తెలియని జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. ‘ఎంత బాగా రాశావు తల్లీ’ అంటున్నారు. ఆ మాటలు చదివినప్పుడు ముందుగా నాలో కలిగినది కోపం కాదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

అన్న ఆ పేజీకి మర్యాదగా సందేశం పంపాడు. జవాబు లేదు. మర్యాద లేకుండా పంపాడు. జవాబు లేదు. ఆ పేజీలు నడిపే సంస్థకు ఫిర్యాదు చేస్తే, పరిశీలించామనీ తమ నియమాలకు విరుద్ధంగా ఏదీ కనిపించలేదనీ నిమిషంలో సమాధానం వచ్చింది. నిమిషంలో ఏం పరిశీలించారో వాళ్ళకే తెలియాలి. పోలీసు స్టేషన్‌కు ముగ్గురం వెళ్ళాం. అక్కడి అధికారి మంచివాడే. కుర్చీలు వేయించాడు.

“డబ్బేమైనా అడిగారా?”

“లేదండీ.”

“బెదిరించారా?”

“లేదు.”

“పాప గురించి చెడ్డగా ఏమైనా రాశారా?”

“లేదండీ,” అంది వదిన. “చాలా ప్రేమగా రాస్తున్నారు.”

ఆయన కలం మూత పెట్టాడు. “మరి మీకేం పోయిందమ్మా?”

 ఇంటికొచ్చి గొడుగు ముడుస్తూ వదిన నాతో అంది: “ఏం పోయిందో చెప్పలేకపోయాను చూడు. చెప్పడం వచ్చుంటే ఈ ఇంట్లో కవిత్వం నువ్వు కాదు, నేనే రాసేదాన్ని.”

తరువాతి ఒకటో తేదీన ఫోటో మూలన స్టూడియో పేరు వేద్దామన్నాను. అన్న ఒప్పుకున్నాడు. సాయంత్రానికల్లా ఆ మూల కత్తిరించుకుని మిణుగురు తన ఇంటికి వెళ్ళిపోయింది. ముద్రను ముఖానికి అడ్డంగా వెయ్యాలని వదిన పట్టుబట్టింది.

“ముఖం మీదా? ఆ మాట అనకు. పసిపిల్లకి పచ్చబొట్టు పొడిచినట్టుంటుంది,” అన్నాడు అన్న.

“ఎవరో ఎత్తుకుపోతే ఎలా ఉంటుంది?”

వేశాడు. ఆ పై నెల ఫోటోలో, కుడి బుగ్గ మీదుగా చెవిదాకా, పలచగా, మా కొట్టు పేరు. వేస్తున్నంతసేపూ అన్న ముఖం చేదుమందు తాగుతున్నవాడిలా ఉంది. రెండురోజులు ఆ పేజీలో ఏ చప్పుడూ లేదు. మూడోరోజు అదే ఫోటో వచ్చింది. అక్షరాలు లేవు. వాటిని తుడిచిన చోట బుగ్గ మీద చర్మం నలిగినట్టు, నీళ్ళలో కరిగినట్టు, ఒక మరక మిగిలింది. కింద ఇలా ఉంది: ‘మా మిణుగురు బుగ్గ మీద వేడినీళ్ళు పడ్డాయి. ప్రాణానికి ఏమీ కాలేదు. మచ్చ మాత్రం ఉండిపోయింది.’

మేం వేసిన ముద్ర అక్కడ గాయమైంది.

అన్న ఫోనును దగ్గరికి తీసుకొని, వెలుగు పెంచి, వృత్తి మరిచిపోలేక అన్నాడు: “చేతకాని పని. పక్కనున్న చర్మం రంగు తీసుకుని అద్దాలి. నేనైతే...”

“మీరెవరి తరఫున మాట్లాడుతున్నారు?” అంది వదిన.

ఆ రోజే పేజీకి తాళం వేశాం. తెలిసినవాళ్ళకు తప్ప మరెవరికీ కనిపించకుండా చేశాం. పాత ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా తీసేశాం. నెలనెలా తీసే ఫోటో మానేశాం. టైలరక్క గుమ్మంలో నిలబడి చూస్తూ, “దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టుంది మీ యవ్వారం,” అంది. తిట్టినట్టు అనలేదు. సూది గుచ్చుకున్నవాళ్ళను చూసి సూదిపని చేసేవాళ్ళు అన్నట్టు అంది.

కొత్త ఫోటోలు అందని ఇంట్లో పిల్ల ఏమవుతుందో మేమెవరం ఆలోచించలేదు.

ఆలోచించింది పిచ్చుక ఒక్కతే. ఒక మధ్యాహ్నం, బయట వాన ఒకే స్వరంతో కురుస్తుంటే, అది వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించింది.

“బాబాయ్, ఆ పాపకి ఇప్పుడు బట్టలెవరిస్తారు?”

“ఏ పాపకి?”

“ఫోన్లో పాపకి. అమ్మ ఫోటోలివ్వడం మానేసిందిగా. మరి అది ఏం వేసుకుంటుంది?”

“అక్కడ పాప ఎవరూ లేదమ్మా. అది నువ్వే.”

పిచ్చుక నన్ను జాలిగా చూసింది. “నేనిక్కడున్నానుగా,” అంది.

ఆ వారమే ఆ పేజీలో మిణుగురుకు జ్వరం వచ్చింది. కొత్త ఫోటోలు లేవు కనుక పాతవే, పిచ్చుక నిద్రపోతున్నవి, ఒక్కొక్కటిగా మళ్ళీ వచ్చాయి. అవి ఎండాకాలం మధ్యాహ్నాల్లో, ఆటలకు అలిసి, నోరు తెరుచుకొని పడుకున్నప్పుడు అన్న సరదాగా తీసి, ఒకటో తేదీ వరసతో పాటు మా పేజీలో పెట్టిన ఫోటోలు. వాటి కింద ‘ఈ రోజూ కళ్ళు తెరవలేదు’ అని రాస్తే, నిజంగానే అది జబ్బునిద్రలా కనిపించింది. తీసిన అన్నకే అలా కనిపించింది. జనం ధైర్యం చెప్తున్నారు. కషాయాలు చెప్తున్నారు. మంచి వైద్యుల పేర్లు చెప్తున్నారు.

తరువాత పిచ్చుక ఒళ్ళు కాలింది.

“ఊరంతా జ్వరాలే, వానాకాలం,” అన్నాడు అన్న, తడిగుడ్డ పిండుతూ.

“దీనికి ముందొచ్చిందా, దానికి ముందొచ్చిందా?” అంది వదిన.

“దేనికి? ఏంటి నీ మాటలు?”

వదిన ఒక చేత్తో పిల్ల నుదురు తాకుతూ, రెండో చేత్తో ఫోను చూస్తోంది. ఇక్కడి వేడికి అక్కడి కబురు సరిచూసుకుంటున్నట్టు. నేను ఫోను లాక్కోబోతే ఇవ్వలేదు. “చూడకపోతే ఏం రాస్తుందో తెలియదు కదా,” అంది. ఆ మాటలో ఉన్న భయం నాకూ అంటుకుంది. కాగితం మీద ఒక మాట రాస్తే అది ఎక్కడో ఒకచోట జరిగి తీరుతుందని చిన్నప్పుడు నేను నమ్మేవాణ్ణి. పెద్దయ్యాక మానేశాననుకున్నాను.

మా పిల్లకు జ్వరం దిగింది. లేచి కూర్చొని, ఆకలేస్తోందని గొడవ చేసి, పాలగిన్నె ఒలకబోసి, తిట్లు తిని ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ మేం ముగ్గురం వంటింట్లో వెర్రివాళ్ళలా నవ్వుకున్నాం.

ఆ పిల్లకు దిగలేదు.

‘మా మిణుగురు ఆరిపోయింది’ అని వచ్చింది ఒక ఉదయం. నల్లటి అంచు కట్టిన ఫోటో. అన్న తీసినవాటన్నిటిలోకీ అందమైనది. పిచ్చుక తొలి అడుగులు వేసిన నెలలో తీసినది. దాని కింద, ఆ నెలలో నేను రాసిన రెండు పంక్తులు:

‘ఎంత దూరం నడిచినా చిట్టితల్లీ,
ఈ గడపకు నీ అడుగు గుర్తుంటుంది.’

ఒక్క అక్షరం మార్చలేదు. మార్చవలసిన అవసరం లేకపోయింది.

వదిన పొయ్యి ముందు నిలబడి, వందలమంది రాసిన ఓదార్పులను పైనుంచి కిందికి చదివింది. ‘ధైర్యంగా ఉండు తల్లీ.’ ‘మళ్ళీ నీ కడుపునే పుడుతుంది.’ ‘ఆ నవ్వు మరిచిపోలేం.’ పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ సంగతి తెలియకుండానే తను గదిలోకి వెళ్ళి, ఇంకా నిద్రలేవని పిచ్చుక ముక్కు దగ్గర వేలు పెట్టి నిలబడింది. పిచ్చుక తుమ్మింది. అయినా వేలు తియ్యలేదు.

ఆ తరువాతి ఆదివారం పిచ్చుకను వెంటబెట్టుకుని కూరగాయలకు వెళ్ళాను. వాన తెరిపి ఇచ్చింది. బెండకాయలు ఏరుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి ఆగిపోయింది. చేతిలో బెండకాయ చేతిలోనే ఉండిపోయింది.

“బాబూ, తప్పుగా అనుకోకు. ఈ పాప...”

“మా అన్న కూతురండీ.”

ఆవిడ వంగి, ఒక్క వేలితో పిచ్చుక కుడి బుగ్గను తాకింది. మెల్లగా, చెవిదాకా, ఏదో వెతుకుతున్నట్టు.

“మచ్చ లేదే,” అంది. “మొన్ననే కదా... అన్నం కూడా తినలేకపోయాను ఆ రోజు.”

ఆవిడ కళ్ళలో ఉన్నది సంతోషం కాదు. చనిపోయినవాళ్ళు బజారులో కనిపిస్తే ఎవరికి సంతోషం? వేలు వెనక్కి తీసుకొని, కొంగుకు తుడుచుకొని, సంచి మరిచిపోయి నడిచిపోయింది. కొట్టువాడు వెనకాల కేకలు వేస్తున్నా తిరిగి చూడలేదు.

ఇంటికి వచ్చే దారిలో పిచ్చుక నా వేలు పట్టుకొని అడిగింది.

“బాబాయ్, నేను చచ్చిపోయానా?”

“ఛీ ఛీ, ఏం మాటలవి!”

“మరి ఆ మామ్మ ఎందుకలా చూసింది?”

నేను దాన్ని ఎత్తుకున్నాను. ఎత్తుకోవాలని కాదు, బరువు చూడాలనిపించింది.

సాయంత్రం వదిన టైలరక్క కత్తెర అడిగి తెచ్చి, పిచ్చుకను పెరటి అరుగు మీద కూర్చోబెట్టి, ఉంగరాల జుట్టంతా చెవుల పైదాకా కత్తిరించేసింది. టైలరక్క గోడ మీదుగా చూసి, “గుడ్డ కత్తిరించే కత్తెరతో జుట్టు కత్తిరిస్తే అంచులు అలాగే ఉంటాయి మరి. ఎవరింటి కోడిపిల్లే ఇది?” అని నవ్వించబోయింది. ఎవరూ నవ్వలేదు. పిచ్చుక అద్దంలో చూసుకొని మాత్రం మురిసిపోయింది. మెడకు గాలి తగులుతోందట.

వానాకాలం చివరిరోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం ఆమె వచ్చింది.

నేను బల్ల దగ్గర ఉన్నాను. అన్న కంప్యూటరు ముందు ఏదో పెళ్ళి ఫోటో సవరిస్తున్నాడు. ఆమెకు నలభై ఏళ్ళుండవచ్చు. ఇస్త్రీ చేసిన నూలు బట్టలు, తడిసిన చెప్పులు, భుజానికి ఆఫీసు సంచి. చెప్పులు గుమ్మం బయటే విడిచింది. మా కొట్లో అలా ఎవరూ విడవరు.

“పాత ఫోటోలు బాగుచేస్తారని విన్నాను,” అంది. గొంతు మెత్తగా, చదువు చెప్పేవాళ్ళ గొంతులా ఉంది. “ఒక మచ్చ తీసేయాలి. తీసి, పెద్దది చేసి ఇవ్వాలి.”

“ఇలా ఇవ్వండి,” అన్నాను.

ఫోను అందించింది. నేను చూశాను. చూసి, అన్నకు అందించాను. అన్న చూశాడు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“ఎవరండీ ఈ పాప?” అన్నాడు. 

“మా అమ్మాయి. ఈ వానల్లోనే పోయింది.” ఆమె కళ్ళు చెమర్చాయి. నటనను నేను చాలా చూశాను. స్టూడియోలో పనిచేసేవాడికి నవ్వులూ ఏడుపులూ తేలికగానే తెలిసిపోతాయి. అది నటన కాదు. “బతికున్నప్పుడు ఈ మచ్చను చూసి సిగ్గుపడేది. ఇప్పుడైనా లేకుండా చూసుకుందామని.”

అన్న నోరు తెరిచేలోపు ఇంట్లోకి వెళ్ళే గుమ్మం తెర కదిలి వదిన వచ్చింది. అంతా విన్నట్టుంది. అరుస్తుందనుకున్నాను. ఆ ఫోను నేలకేసి కొడుతుందనుకున్నాను. వదిన అన్న భుజం మీదుగా ఫోటోను ఒకసారి, ఆమెను ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి, పిచ్చుకను చేయి పట్టుకొని తెచ్చి మా అందరి మధ్యా నిలబెట్టింది.

“ఇది మా అమ్మాయి,” అంది.

వాన పెరిగింది. ఆమె ఫోటోను చూసింది. పిల్లను చూసింది. మళ్ళీ ఫోటోను చూసింది. తూకం వేసేవాళ్ళలా, తొందర లేకుండా.

“పోలిక ఉందండీ,” అంది చివరికి. “కళ్ళ దగ్గర కొంచెం. మా అమ్మాయి ఇంకా తెల్లగా ఉండేది.”

అన్న తలెత్తి, కిటికీ పక్కనున్న తన లైట్ల వైపు చూశాడు.

ఆమె మోకాళ్ళు వంచి, పిచ్చుక ముఖానికి తన ముఖం సమానంగా తెచ్చుకుంది. ఇద్దరి మధ్యా జానెడు దూరం. వదిన చేయి పిల్ల భుజం మీద బిగుసుకుంది.

“అమ్మలూ, నిన్నొక ఫోటో తీసుకోనా?”

పిచ్చుక తలెత్తి వాళ్ళ అమ్మను చూసింది. నాన్నను చూసింది. నన్ను చూసింది. ఆ ప్రశ్న తనదేనా అని అడుగుతున్నట్టుంది. పుట్టిన నెలనుంచీ దాని ముఖాన్ని నెలనెలా తీసుకున్న మా ఇంట్లో ఎవరూ దాన్ని ఆ మాట అడగలేదు.

“వద్దు,” అంది పిచ్చుక.

“సరేనమ్మా,” అంది ఆమె. లేచి నిలబడి, చెయ్యి చాచింది. అన్న ఫోను తిరిగి ఇచ్చాడు.

“మరి నా ఫోటో?”

నిమిషంలో తీయగల మచ్చ అది. మచ్చ లేని అసలు ఫోటో ఆ కంప్యూటరులోనే ఉంది. అన్న బల్ల అంచును రెండు చేతులా పట్టుకున్నాడు.

“ఇది పోయే మచ్చ కాదండీ,” అన్నాడు.

ఆమె తలూపింది. ఈ మాట ముందే విని ఉన్నదానిలా, మాకే ధైర్యం చెప్పేదానిలా తలూపి, బయట చెప్పులు వేసుకొని, వానలోకి దిగిపోయింది. ఆపాలనీ, పేరు అడగాలనీ, వెంట వెళ్ళాలనీ నాకు తోచేసరికి వీధి మలుపులో గొడుగులన్నీ ఒకేలా ఉన్నాయి. నేను అటూ ఇటూ కొంతదూరం పరుగెత్తి, తడిసి తిరిగొచ్చాను.

దీపాలు పెట్టే వేళకు వదిన ఫోను తీసింది. వద్దని ఎవరం అనలేదు. ఆ పేజీలో కొత్తగా ఒకటి వచ్చింది. ఫోటో లేదు. అన్ని నెలల్లో ఫోటో లేకుండా అక్కడ వచ్చింది అదొక్కటే. తెల్లటి తెర మీద మూడు ముక్కలు:

‘ఈ రోజు మా అమ్మాయి కనిపించింది. జుట్టు కత్తిరించుకుంది. ఫోటో వద్దంది.’

దాని కింద అప్పటికే జనం చేరారు. కలలో కనిపించిందా తల్లీ అని ఒకరు. బాధపడకు, వాళ్ళు అలాగే వచ్చిపోతుంటారు అని ఇంకొకరు.

వదిన ఫోను బోర్లించింది.  పక్క కొట్లో కుట్టుమిషను ఆగి, మళ్ళీ మొదలైంది. అప్పుడు వదిన, గదిలో ఆడుకుంటున్న పిల్లను, పిచ్చుకా అని కాకుండా, మేం పెట్టుకున్న అసలు పేరుతో, పూర్తిగా, గట్టిగా పిలిచింది.

లోపల ఆట చప్పుడు ఆగింది. చాలాసేపు ఆగినట్టనిపించింది.

“ఆఁ, ఏంటమ్మా?”

“ఏం లేదు,” అంది వదిన. “ఆడుకో.”